సంక్రాంతికి ముగ్గు కుకీలు: ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 7, ఆదివారం

ఈసారి సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లోని 20 ఇళ్ళకూ ముగ్గులు వేసిన షుగర్ కుకీలు పంచాలని అనుకున్నాను. ఇంటికి మూడు. రెండు గుండ్రటివి, ముగ్గులతో. ఒకటి పతంగి ఆకారంలో. మొత్తం 60, విరిగేవాటికి లెక్కగా ఇంకొన్ని. జనవరి 13 సాయంత్రానికి, అంటే భోగి మంటలకు ముందే, డబ్బాలు అందరి ఇళ్ళకూ చేరాలి. ఆఫీసుకు సెలవు ఉన్న రోజుల్లోనే పని.

ఈ ఆలోచనకు కారణం మా పాప. హైదరాబాద్ నల్లకుంటలో మాది మూడో అంతస్తు. గుమ్మం ముందు టైల్స్ మీద ముగ్గు స్టిక్కర్ అతికించి ఉంటుంది. అమ్మ మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోవడం మానేసి నాలుగేళ్ళయింది, నాకు పొద్దున్నే తీరిక ఉండదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ముగ్గంటే ఆ స్టిక్కరే. మొన్న దాని అంచు లేచిపోతే కూర్చుని చూస్తూ, "అమ్మమ్మా, ఈ చుక్కలెందుకు? గీతలు సరిపోవా?" అని అడిగింది. అమ్మ ఏదో చెప్పింది కానీ పాప ముఖం చూస్తే అర్థమైనట్టు లేదు. ఆ ప్రశ్న నాకు గుర్తుండిపోయింది.

షుగర్ కుకీ మన బిస్కెట్ కంటే వేరు. హైదరాబాద్‌లో బిస్కెట్ అంటే ముందు ఉస్మానియా గుర్తొస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా దానికి ఆ పేరు. ఇరానీ చాయ్‌లో ముంచితే కరిగిపోవాలి, నోట్లో పొడిపొడిగా విడిపోవాలి, అదే దాని గొప్ప. షుగర్ కుకీ పని వేరు. ఏ ఆకారంలో కోస్తే ఆ ఆకారంలోనే కాలాలి, పైన బల్లపరుపుగా ఉండాలి, ఐసింగ్ (పంచదార పూత) బరువు మోయాలి. అదే సమయంలో కొరికితే మెత్తగా తెగాలి. ఈ రెండూ ఒకచోట కలవడమే కష్టం.

ఇవాళ మొదటి విడత చేశాను. అమ్మ గుడ్డు తినదు, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకా మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు తినరు, కాబట్టి అంతా గుడ్డు లేకుండానే. మైదా 250 గ్రాములు, ఉప్పు లేని బటర్ 170, పంచదార పొడి 120, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, పాలు రెండు టేబుల్ స్పూన్లు, వెనిలా. పాప నక్షత్రాలు కోసింది. 180 డిగ్రీల్లో 12 నిమిషాలు. తలుపు తీసి చూస్తే ట్రేలో నక్షత్రాలు లేవు, పూరీలున్నాయి. ఒకదానికొకటి అంటుకుని పరుచుకున్నాయి.

రుచి బాగుంది. ఆకారం మాత్రం లేదు. రాత్రి కూర్చుని కారణాలు రాసుకున్నాను. బటర్‌ను పొయ్యి పక్కన పెట్టాను, అంచులు కరిగాయి. అలా కరిగిన బటర్‌తో కలిపిన పిండి వేడి తగలగానే జారిపోతుంది. మైదా గట్టిపడి ఆకారాన్ని పట్టుకునేలోపే బటర్ కరిగి పారిపోయిందన్నమాట. రెండోది బేకింగ్ పౌడర్. కేకు పొంగాలి కానీ ఈ కుకీ పొంగకూడదు. మూడోది, కోశాక ఫ్రిజ్‌లో పెట్టకుండా నేరుగా ఓవెన్‌లోకి తోశాను.

డిసెంబర్ 13, శనివారం

బేగంబజార్ వెళ్ళొచ్చాను. బేకరీ సామాను అమ్మే దుకాణాల్లో 7.5 సెంటీమీటర్ల గుండ్రటి కట్టర్, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్, జెల్ రంగులు మూడు, బటర్ పేపర్ చుట్ట, కోకో పొడి తీసుకున్నాను. ఇంట్లో స్టీలు గ్లాసుతో కోయొచ్చు కదా అంటే, కోసి చూశాను. గ్లాసు అంచు మడత పెట్టి ఉంటుంది, పిండిని కోయదు, నొక్కుతుంది. అంచు వాలిపోతుంది.

వచ్చేదారిలో మా వీధి వడ్రంగి దగ్గర ఆగి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు, స్కేలు వెడల్పులో కోయించుకున్నాను. ఎందుకని అడిగాడు. పిండికి రెండు పక్కలా ఇవి పెట్టి, కర్ర వీటి మీద దొర్లిస్తే పిండి సరిగ్గా 6 మిల్లీమీటర్ల మందంలో ఆగుతుందని చెప్పాను. పని అర్థం కాగానే ఆయన అంచులకు గరుకు కాగితం పట్టి నున్నగా చేసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఇంటికొచ్చి కడిగి, ఎండలో పెట్టి, బటర్ పేపర్ చుట్టాను. ఈ ప్రాజెక్టులో నేను సంపాదించిన వస్తువులన్నిటిలో ఇవే గొప్పవి.

మన అప్పడాల కర్ర మాత్రం దీనికి కుదరలేదు. మా ఇంట్లోది మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా ఉంటుంది. చపాతీకి అది హాయి. ఇక్కడ పిండి మధ్యలో పల్లం పడుతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే లావున్న కర్ర ఒకటి కొన్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

రెండో విడత. ఈసారి బటర్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి వంటింటి గట్టు మీద గంటన్నర ఉంచాను. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు. పంచదార పొడి వేసి కలిసేవరకే గిలక్కొట్టాను. తెల్లగా, నురగలా వచ్చేదాకా కొడితే గాలి చేరుతుంది, ఆ గాలి ఓవెన్‌లో పిండిని ఉబ్బించి పరిచేస్తుంది.

కొత్త లెక్క: మైదా 320 గ్రాములు, మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) 30, బటర్ 200, పంచదార పొడి 130, పాలు రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు చిటికెడు, యాలకుల పొడి పావు టీస్పూన్, వెనిలా అర టీస్పూన్. బేకింగ్ పౌడర్ లేదు. మొక్కజొన్న పిండిలో గ్లూటెన్, అంటే మైదాను సాగేలా చేసే జిగట, ఉండదు కాబట్టి అది కలిస్తే కుకీ గట్టిపడకుండా మెత్తగా తెగుతుంది. మైదా వేశాక ఎంత తక్కువ కలిపితే అంత మంచిది.

పిండి ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి రాయిలా అయ్యాక తీసి ఒత్తడం నరకం. అందుకని మెత్తగా ఉండగానే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి ఒత్తేసి, ఆ పలకను పలకగానే 40 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాను. తర్వాత కోశాను. కోసినవాటిని ట్రేలో సర్ది ఇంకో 15 నిమిషాలు ఫ్రీజర్‌లో. ఇంతా చేస్తే నాకు పట్టిన పని గంటే, మిగతాది ఎదురుచూపు.

థర్మామీటర్ కొనకపోయి ఉంటే ఈ విడత కూడా పోయేది. నా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) 170 దగ్గర తిప్పితే లోపల 190 చూపిస్తోంది. ఇన్నేళ్ళూ నా కేకులు పైన మాడి లోపల పచ్చిగా ఎందుకుండేవో ఇప్పుడు తెలిసింది. మీట 155 దగ్గర పెడితే లోపల 170 నిలబడింది. వెనక వరుస ముందు ఎర్రబడుతోంది కాబట్టి ఏడో నిమిషంలో ట్రే తిప్పాను. 12వ నిమిషంలో అంచులు లేతగా రంగు తిరిగాయి, మధ్యలో ఇంకా మెత్తగా ఉంది, తీసేశాను. ట్రే మీదే ఐదు నిమిషాలుంటే గట్టిపడతాయి.

గుండ్రంగా కోసినవి గుండ్రంగానే వచ్చాయి! స్కేలు పెట్టి కొలిచాను. 7.5 కోస్తే 7.7 వచ్చింది. ఒక విడతకు 23 కుకీలు. పాప ఒకటి పట్టుకుని నేల మీద దొర్లించింది, చక్రంలా వెళ్ళింది.

డిసెంబర్ 16, మంగళవారం

ధనుర్మాసం మొదలైంది. ఆఫీసుకు వెళ్తూ చూస్తే గేటు ముందు వాచ్‌మన్ భార్య కళ్ళాపి చల్లి పెద్ద ముగ్గు వేసింది. తడి నేల ముదురు రంగులో ఉంది, గీత తెల్లగా మెరుస్తోంది. ఫోటో తీసుకున్నాను. బస్సులో ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను.

డిసెంబర్ 21, ఆదివారం

ఐసింగ్ రోజు. కుకీల మీద గట్టిగా ఆరే తెల్లటి ఐసింగ్‌ను రాయల్ ఐసింగ్ అంటారు. కోడిగుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్ కలిపి గిలక్కొడతారు. నీరు ఆరిపోయాక పంచదార పెంకులా గట్టిపడుతుంది. తెల్లసొన వద్దు కాబట్టి కాబూలీ శనగలు ఉడకబెట్టిన నీళ్ళు వాడాను. శనగల్లోంచి నీళ్ళలోకి దిగే ప్రోటీన్లు, పిండి పదార్థాలు కలిసి తెల్లసొనలాగే గాలిని పట్టి ఉంచుతాయి. 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన ఈ నీళ్ళు నురగ కడతాయని గమనించి అందరికీ చెప్పాడు. మన ఇళ్ళల్లో ఆ నీళ్ళతో చారు పెట్టుకుంటాం.

రాత్రి నానబెట్టిన శనగల్ని ఉప్పు వేయకుండా కుక్కర్‌లో ఉడికించి, నీళ్ళు వంచి, సన్నటి మంట మీద సగానికి మరిగించాను. చల్లారాక చిక్కగా, గరిటెకు తీగలా అంటుకుంటూ ఉండాలి. నాలుగు టేబుల్ స్పూన్ల నీళ్ళకు 450 గ్రాముల ఐసింగ్ షుగర్, నాలుగు చుక్కల నిమ్మరసం. బీటర్‌తో ఏడెనిమిది నిమిషాలు కొడితే తెల్లగా, మెరుస్తూ నిలబడింది. తడిగా ఉన్నప్పుడు కొద్దిగా శనగల వాసన వచ్చింది, ఆరాక తెలియలేదు.

ఐసింగ్ షుగర్‌ను ముందుగా జల్లించాలి. నేను మైదా జల్లెడతో కానిచ్చాను, ఒక చిన్న పలుకు వచ్చి ఐసింగ్ పిండే కోన్ మొనలో ఇరుక్కుంది. దాన్ని తీయబోతే కోన్ చిరిగింది. అమ్మ చూసి, సున్నిపిండి జల్లించుకునే పల్చటి నూలు బట్ట ఇచ్చింది. ఆ బట్టలో జల్లిస్తే పౌడర్‌లా వచ్చింది.

ఐసింగ్ జారుడు ఎంతుండాలన్నది ఒకటే లెక్క. గిన్నెలో చాకుతో గీత గీసి ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. 12 లెక్కపెట్టేసరికి గీత కలిసిపోతే అది కుకీ మొత్తం పరచడానికి పనికొస్తుంది. 25 దాకా పడితే గీతలకు పనికొస్తుంది. అసలు కలవకపోతే పువ్వులకు. అర టీస్పూన్ నీళ్ళతో లెక్క మారిపోతుంది, కాబట్టి నీళ్ళు చుక్కచుక్కగా కలిపాను.

ఇవాళే కాల్చిన ఎనిమిది కుకీల మీద ముందు అంచు కట్టి, లోపల ఎర్రమన్ను రంగు ఐసింగ్ నింపాను. పుల్లతో బుడగలు గుచ్చేశాను. ఫ్యాన్ కింద పెట్టాను. చీమల భయానికి ట్రేని స్టాండ్ మీద, స్టాండ్ కాళ్ళను నీళ్ళ పళ్ళేల్లో పెట్టాను. హైదరాబాద్ డిసెంబర్ గాలి పొడిగా ఉంటుంది, ఐసింగ్‌కు ఇంతకంటే మంచి నెల ఉండదు. రాత్రికి పెంకు కట్టింది. చాలా బాగున్నాయి. టెన్షన్ తీరినట్టనిపించింది.

డిసెంబర్ 23, మంగళవారం

ఎనిమిదింటిలో ఐదింటి మీద నూనె మచ్చలు. తడి చేత్తో ముట్టుకున్నట్టు ముదురు మరకలు పైకి తేలాయి. కుకీలోని బటర్ ఐసింగ్‌లోకి ఎక్కింది. కుకీలు పూర్తిగా చల్లారకుండానే నింపాను, నింపింది కూడా మరీ పల్చగా ఉంది. మూడు గంటలన్నా చల్లారనిచ్చి ఉంటే ఇంత జరిగేది కాదు.

అంతకంటే పెద్ద మాట అమ్మ అంది. సగం తిని పళ్ళెంలో పెట్టేసింది. "ఇంత తీపి ఎవరు తింటారే? పైనున్న పెంకు తీసేస్తే లోపలిది బాగుంది."

నిజమే. కుకీ 30 గ్రాములైతే మీద ఐసింగ్ 12 గ్రాములుంది, అందులో దాదాపు అంతా పంచదారే. నేను అందం చూసుకున్నాను, తినేవాళ్ళను చూసుకోలేదు. సంక్రాంతికి అరిసెలు, సకినాలు, బొబ్బట్లు అన్నీ ఉన్న ఇంటికి వెళ్ళే డబ్బా ఇది.

డిసెంబర్ 28, ఆదివారం

వారమంతా ఆలోచించాను. గేటు ముందు ముగ్గు ఫోటో మళ్ళీ చూశాను. అక్కడ ఎవరూ నేలకు రంగు వేయలేదు. నేలే ముదురుగా ఉంది. అలాంటప్పుడు కుకీనే ముదురు రంగులో చేస్తే ఐసింగ్ నింపే పనే ఉండదు.

మైదాలో 40 గ్రాములు తీసేసి కోకో పొడి 40 గ్రాములు వేశాను. పాలు ఇంకో టేబుల్ స్పూన్ పట్టింది, కోకో తడిని ఎక్కువగా పీలుస్తుంది. కాలాక తడి మట్టి రంగు వచ్చింది. దాని మీద తెల్లటి గీత ఒక్కటి గీసి చూశాను. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను, గట్టిగా చప్పట్లు కొట్టాను.

దీనితో ఒక ఇబ్బంది ఉంది, కాలిందో లేదో రంగు చూసి చెప్పలేం. అంచును వేలితో తాకి, గట్టిగా ఉందా అని చూసుకోవాలి. 11 నిమిషాలకు నాకు సరిపోయింది. ఇంకొకటి, కొన్ని కుకీల మధ్యలో బుడగ లేచింది. పిండిలో తడి ఆవిరై బయటకు దారి లేక పైకి ఉబ్బుతుంది. వేడిగా ఉండగానే అడుగు చదునుగా ఉన్న స్టీలు డబ్బాతో మెల్లిగా అదిమితే కొంత సర్దుకుంది కానీ పగుళ్ళు వచ్చాయి.

సాయంత్రం ముగ్గు వేయబోయాను. కాగితం మీద చూస్తూ చేత్తో గీశాను. ఏదీ మధ్యలోకి రాలేదు. ఒక పక్క మెలిక పెద్దది, ఇంకో పక్క చిన్నది. అమ్మ టేబుల్ అవతల కూర్చుని కూర తరుగుతోంది. చూసి చూసి, "చుక్కలు పెట్టకుండా ముగ్గెలా వేస్తావు?" అంది.

చుక్కలు ఐసింగ్‌తో పెడితే ఉబ్బెత్తుగా ఉండి కోన్ మొనకు తగులుతాయని చెప్పాను. అమ్మ అడిగింది, "పిండి పచ్చిగా ఉన్నప్పుడే పెట్టకూడదా?"

చేతిలో పని ఆపేశాను. పచ్చి పిండి మీద చుక్క పెట్టడమంటే పొడవడం. పొడిస్తే చిల్లు పడుతుంది. చిల్లు పడితే ఆవిరికి దారి. ఉప్పు బిస్కెట్లకు, మారీ బిస్కెట్లకు ఆ చిల్లులుండేది అందుకే, కాలేటప్పుడు ఉబ్బకుండా. నా బుడగల సమస్యకూ, ముగ్గు మధ్యలోకి రాని సమస్యకూ మందు ఒకటే!

వెంటనే పాత ఫైలు కవర్ ఒకటి కత్తిరించాను. అమ్మ చెప్పిన లెక్క: ఐదు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేవరకు. అంటే 1, 3, 5, 3, 1, మొత్తం 13. చుక్కకూ చుక్కకూ మధ్య ఒక సెంటీమీటర్. ఐదు చుక్కల వరుస నాలుగు సెంటీమీటర్లు, చుట్టూ మెలికలకు రెండు, అంచుకు ఒకటిన్నర. 7.5 కుకీకి కొలిచి చేసినట్టు సరిపోయింది. ప్లాస్టిక్‌లో 13 కన్నాలు పెట్టి, దాన్ని పిండి మీద ఉంచి, సన్నటి వెదురు పుల్లతో అడుగు కాగితం తగిలేదాకా పొడిచాను. మొదట టూత్‌పిక్ వాడాను, ఆ కన్నాలు కాలాక పూడుకుపోయాయి. రెండు మిల్లీమీటర్ల పుల్ల అయితే నిలిచాయి.

తొమ్మిది కుకీలు కాల్చాను. ఒక్కదాని మీదా బుడగ లేదు. 13 చుక్కలూ వరుసగా ఉన్నాయి. పాపను పిలిచి చూపించాను. "చుక్కలు ఎందుకో తెలిసిందా?" అని అమ్మ అడిగింది. పాప కుకీని లైటుకు అడ్డం పెట్టి చుక్కల్లోంచి చూసింది.

జనవరి 3, శనివారం

గీత సాధన. మొనకు తొడిగే నాజిల్స్ కంటే మెహందీ కోన్ పద్ధతే నా చేతికి నచ్చింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటును చతురస్రంగా కోసి, కోన్‌లా చుట్టి, టేప్ వేయడం పై ఇంటి అమ్మాయి నేర్పింది. పెళ్ళిళ్ళకు మెహందీ పెడుతుంది ఆ పిల్ల, కోన్ చుట్టడం కళ్ళు మూసుకుని చేస్తుంది. మొన ఒక మిల్లీమీటర్ కూడా కోయకూడదు. సగమే నింపాలి, నిండా నింపితే వెనకనుంచి కారుతుంది.

ముగ్గును కాగితం మీద పెన్నుతో గీసి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద ఐసింగ్‌తో దిద్దాను. చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దినట్టే. 20 దిద్దాను. గీత వణుకుతూనే ఉంది. మొనను కుకీకి ఆనించి లాగుతున్నాను, అదే తప్పు అని చదివాను కానీ చెయ్యి మాట వినలేదు.

అమ్మను పట్టుకోమన్నాను. మొదట వద్దంది. తర్వాత కోన్ తీసుకుని, నాలాగా అరచేత్తో పిసకలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటి మధ్య పట్టుకుంది, ముగ్గు పిండి పట్టుకున్నట్టు. మొనను సెంటీమీటర్ పైకి లేపింది. ఐసింగ్ దారంలా కిందికి దిగింది. ఆ దారాన్ని చుక్కల మధ్యకు తీసుకెళ్ళి వాల్చింది. నాలుగేళ్ళుగా ముగ్గు వేయని చెయ్యి అది. మొదటి మెలిక కొంచెం వంకరగా పోయింది, రెండోది నుంచి తప్పు లేదు.

"గీత లాగొద్దే, వదులు," అంది. "దాటుతున్న చుక్కను చూడకు. తర్వాతి చుక్కను చూడు. చెయ్యి దానంతటదే వెళ్తుంది."

ఐసింగ్ గట్టిగా ఉందని కూడా చెప్పింది. తడి ముగ్గుకు నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి ఎలా ఉండాలంటే, వేలు ముంచి ఎత్తితే తెగకుండా ధారగా దిగాలి, పడ్డాక పరుచుకోకూడదు అంది. నా 25 లెక్క ఐసింగ్‌లో నాలుగు చుక్కల నీళ్ళు కలిపాను. గీత గీసి లెక్కపెడితే 20కి వచ్చింది. తేడా ఎక్కడ తెలిసిందంటే, మెలికల ముగ్గులో గీత మీంచి గీత వెళ్ళే చోట. ఇంతకుముందు అక్కడ ముడిలా గుట్ట కట్టేది. ఇప్పుడు రెండో గీత మొదటిదాని మీద వాలి సర్దుకుంటోంది.

నేను రాత్రి పదకొండింటిదాకా దిద్దాను. 34వది బాగా వచ్చింది.

జనవరి 4, ఆదివారం

మూడు విడతల పిండి కలిపాను, కోకోది రెండు, తెల్లది ఒకటి. బటర్ 600 గ్రాములు. పలకలుగా ఒత్తి, బటర్ పేపర్లో చుట్టి, జిప్ కవర్లలో ఫ్రీజర్‌లో పెట్టాను. పిండి ఇలా నెల రోజులుంటుంది. వచ్చే శుక్రవారం రాత్రి కింది అరలోకి మార్చాలి.

జనవరి 10, శనివారం

కాల్పు. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి ఒంటిగంటకు అయిపోయింది. గుండ్రటివి 45, ట్రేకు తొమ్మిది చొప్పున ఐదు ట్రేలు. చుక్కలు పొడిచింది పాప. 45 ఇంటూ 13, 585 చుక్కలని తనే లెక్కవేసి గోడ మీది క్యాలెండర్ మీద రాసుకుంది.

పతంగులు 28. వీటికి కట్టర్ లేదు. పలకను స్కేలు పెట్టి 6 సెంటీమీటర్ల చదరాలుగా చాకుతో కోశాను. చదరాన్ని మూల మీద నిలబెడితే పతంగే. ఇందులో ఒక లాభముంది, గుండ్రంగా కోస్తే మిగిలే తునకల్ని మళ్ళీ కలిపి ఒత్తాలి, అలా రెండోసారి ఒత్తినవి కొంచెం గట్టిగా ఉంటాయి. చదరాలకు అంచుల్లో తప్ప మిగులే లేదు.

రెండు కోకోవి విరిగాయి. పతంగుల ట్రే ఒకదాన్ని ఫోన్ వచ్చి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచాను. అవి మాడలేదు కానీ గట్టిపడ్డాయి, పక్కన పెట్టాను. అమ్మ వాటిని టీలో ముంచుకుని తింది.

జనవరి 11, ఆదివారం

పతంగులతో మొదలుపెట్టాను. వీటికి ఐసింగ్ నింపాలి, తప్పదు, పతంగికి రంగే అందం. కానీ పల్చటి పొర చాలు. సగం ఎరుపు, సగం తెలుపు. మొదటి నాలుగింటిలో ఎరుపు నింపిన పది నిమిషాలకే తెలుపు నింపాను, ఎరుపు తెలుపులోకి పాకి గులాబీ రంగు చార తేలింది. మిగతావాటికి ఫ్యాన్ కింద గంటసేపు ఆరనిచ్చి, పైన పొర కట్టాకే తెలుపు నింపాను. గీత పదునుగా వచ్చింది. ఎరుపు విషయంలో ఒక సంగతి. కావాల్సినంత ముదురు వచ్చేదాకా జెల్ వేస్తూ పోతే చేదు వస్తుంది. ఒక ఛాయ తక్కువగా ఆపేశాను. ఇప్పుడు రాత్రయింది, అదే ముదిరింది.

ముగ్గులు మధ్యాహ్నం రెండింటి నుంచి. అమ్మా నేనూ డైనింగ్ టేబుల్‌కు ఎదురెదురుగా కూర్చున్నాం. ఒక్కో ముగ్గుకు నాకు నాలుగు నిమిషాలు, అమ్మకు రెండున్నర. 13 చుక్కల మీద ఎన్ని రకాలు వేయొచ్చో నాకు తెలియదు. అమ్మ ఒకటి వేసినట్టు ఇంకొకటి వేయలేదు. మెలికలు, పద్మం, నాలుగు దీపాలు, మధ్యలో చిలక. ఒకటి వేసి, "ఇది మా మేనత్త వేసేది, పేరు గుర్తులేదు," అంది. నేను ఆ కుకీ ఫోటో తీసి, పుస్తకంలో చుక్కలతో సహా గీసి పెట్టుకున్నాను. ఇది ఇక పోకూడదు.

మధ్యలో రెండుసార్లు లేపి నడిపించాను. నడుం పట్టేస్తుందని నా భయం. సాయంత్రం ఐదున్నరకు 40 దాటాయి. ఇంక చాలు అంటే, మిగిలినవి కూడా ఇవ్వమంది.

జనవరి 13, మంగళవారం

రెండు రోజులు ఆరాయి. నూనె మచ్చ ఒక్కదానికీ లేదు. గోటితో తడితే గీత టక్‌మంటోంది. ఒక ముగ్గు కుకీని తూచాను, కుకీ 30 గ్రాములైతే ఐసింగ్ మూడు గ్రాములు. అమ్మ ఒకటి పూర్తిగా తింది.

అట్ట డబ్బాలో కింద బటర్ పేపర్, దాని మీద రెండు ముగ్గులు, ఒక పతంగి, మధ్యలో కాగితం ముక్కలు. సాయంత్రం పాపా నేనూ 20 ఇళ్ళకూ ఇచ్చాం, ఇంకో డబ్బా వాచ్‌మన్ ఇంట్లో. వాచ్‌మన్ భార్య డబ్బా తెరిచి, తినకముందు చుక్కలు లెక్కపెట్టింది. "ఐదు, ఎదురు చుక్క," అంది. తనకు ఏడు చుక్కలది ఒకటి వచ్చట, కనుమ రోజు రథం ముగ్గు పక్కన వేస్తానంది. రెండో అంతస్తు పెద్దావిడ తన ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టేసింది. పండగ రోజుల్లోనే తినేయమని చెప్పి వచ్చాను, ఎక్కువ రోజులైతే మెత్తబడతాయి.

ఇంటికొచ్చాక ఒక కోన్‌లో కొంచెం ఐసింగ్ మిగిలింది. పారేయబోతే అమ్మ పాపకు ఇమ్మంది. గుమ్మం ముందు స్టిక్కర్‌ను నేనే పీకేశాను, జిగురు మరక ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగాను. అమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పాప నేల మీద. మూడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేవరకు.

"చీమలొస్తాయేమో అమ్మా," అన్నాను. మూడు వారాలుగా స్టాండ్ కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు మారుస్తున్నదాన్ని.

"బియ్యప్పిండితో వేసేది వాటి కోసమే కదే," అంది అమ్మ. పాపకేసి వంగి, "లాగకు, వదులు," అని చెప్పింది.

జనవరి 14, బుధవారం, భోగి

తెల్లవారుజామున నాలుగున్నరకు మంట దగ్గరికి దిగుతూ చూశాం. నల్ల చీమల వరుస లిఫ్టు పక్క గోడ వెంట వచ్చి, ఐదు చుక్కల్లో రెండింటిని అప్పటికే తినేసింది. పాప వాటిని తొక్కకుండా దాటి, మెట్లు దిగింది.